రేకుల షెడ్డులో ఆదివారం పని: కూలరా, పెద్ద ఫ్యానా, పోర్టబుల్ ఏసీనా?

చేతక్_పటమట
ఏప్రిల్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. మాది విజయవాడ పటమట. ఇంటి వెనకాల 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు షెడ్డు ఉంది. పైన జింకు రేకులు, మూడు వైపులా ఇటుక గోడ, తూర్పున షట్టరు, పడమర గోడకి ఒక చిన్న కిటికీ. మా నాన్నగారు బుక్ చేసి నాలుగేళ్ళు ఎదురుచూసి తెచ్చుకున్న చేతక్ స్కూటర్ అందులోనే ఉంది. దాన్ని మళ్ళీ రోడ్డెక్కించే పని పెట్టుకున్నాను. ఇంజను దించి బల్ల మీద పెట్టేశాను. రోజూ చేసే పని కాదు. ఆదివారం మూడు నాలుగు గంటలు, కుదిరితే వారం మధ్యలో ఓ సాయంత్రం.

ఇవాళ పదకొండింటికి మొదలుపెట్టాను. పన్నెండున్నరకల్లా చెమట కళ్ళల్లోకి దిగి, పిస్టన్ పిన్ను సర్‌క్లిప్ ఎటు ఎగిరిందో కనపడలేదు. స్పానరు చేతిలో నిలవడం లేదు. ఏప్రిల్ ఇంకా సగం కూడా కాలేదు.

చేతిలో 12 వేలున్నాయి. అవసరమైతే ఇంకొంచెం సర్దుకుంటాను. 50 లీటర్ల కూలరు కొననా, 24 అంగుళాల ఇండస్ట్రియల్ పెడస్టల్ ఫ్యాను కొననా, లేక అప్పు చేసైనా చక్రాల మీద తిరిగే పోర్టబుల్ ఏసీ తీసుకోనా? ఇలాంటి షెడ్డులో పనిచేసేవాళ్ళు చెప్పండి.


ఆటోనగర్_బాబాయ్
ఏప్రిల్ 12, రాత్రి 10:15

తమ్ముడూ, ముప్ఫై ఏళ్ళ నుంచీ రేకుల కిందే బతుకుతున్నాను. ముందు ఒక మాట. మిట్ట మధ్యాహ్నం షెడ్డు తెరవకు. మా దగ్గర కుర్రాళ్ళు ఇంజను విప్పే పని ఉదయం పూట పెట్టుకుంటారు, ఎండ నెత్తికెక్కేసరికి నీడలో కూర్చుని కడగడం, సర్దడం చేస్తారు. నువ్వు ఆరున్నరకి షట్టరు లేపితే పదిన్నరకి నాలుగు గంటల పని అయిపోతుంది.

కొనాలంటే పెద్ద ఫ్యాను కొను. షెడ్డుని చల్లబరచడం మన వల్ల కాదు, మనిషిని చల్లబరచుకోవాలి. ఫ్యాను పక్క నుంచి, నడుము ఎత్తులో కొట్టేలా పెట్టుకో. ఎదురుగా పెడితే దుమ్మంతా కళ్ళలో పడుతుంది, వెనక పెడితే నీ వేడి గాలి బల్ల మీదకే పోతుంది.


మిర్చియార్డు_గుంటూరు
ఏప్రిల్ 13, ఉదయం 7:05

బాబాయ్ మాట కాదనను గానీ, మే నెలలో ఫ్యాను అంటే పొయ్యి దగ్గర కూర్చుని విసనకర్రతో విసురుకున్నట్టే. నాకు గుంటూరులో చిన్న ప్యాకింగ్ షెడ్డుంది. కూలరు లేకపోతే మధ్యాహ్నం ఎవరూ నిలబడరు. వడగాలి కొట్టే రోజున కూలరు ముందు ఎంత సుఖమో చెప్పలేను. 50 లీటర్లది కాదు, 70 పైన తీసుకోండి. గంటకి నాలుగైదు లీటర్లు తాగేస్తుంది, ప్రతిసారీ బకెట్‌తో పోయడం విసుగు.


గ్యాస్‌చార్జింగ్
ఏప్రిల్ 13, మధ్యాహ్నం 1:30

నేను ఏసీ పని చేస్తాను. ఇద్దరు చెప్పిందీ నిజమే, ఏ రోజు గురించి మాట్లాడుకుంటున్నాం అన్నదే తేడా.

కూలరు నీటిని ఆవిరి చేసి చల్లబరుస్తుంది. గాలి ఎంత పొడిగా ఉంటే అంత బాగా పనిచేస్తుంది. మే నెల మధ్యాహ్నం పడమటి గాలి వీస్తున్నప్పుడు 42 డిగ్రీలు, గాలిలో తేమ 30 శాతం అనుకోండి. ఆ గాలిలో తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు 27 దగ్గర ఆగుతుంది. మామూలు కూలరు ఆ తేడాలో ముప్పాతిక వంతు లాగుతుంది కాబట్టి 31 డిగ్రీల గాలి వస్తుంది. పదకొండు డిగ్రీలు తగ్గినట్టు. మిర్చియార్డు గారికి సుఖంగా ఉన్నది అందుకే.

అదే సాయంత్రం సముద్రం గాలి తిరిగాక, లేదా జూలై ఆగస్టుల్లో 35 డిగ్రీలు, 70 శాతం తేమ ఉందనుకోండి. తడి థర్మామీటరే 30 చూపిస్తుంది. కూలరు మహా అయితే మూడు మూడున్నర డిగ్రీలు తగ్గిస్తుంది, పైగా వచ్చే గాలి నిండా తడి. చెమట ఆరదు. మనకి ఒక పక్క కృష్ణ, ఇంకో పక్క అరవై డెబ్భై కిలోమీటర్లలో సముద్రం. ఉక్కపోత రోజులు మనకి తక్కువేం కాదు.

పోర్టబుల్ ఏసీ సంగతి. అన్నా, ఆ డబ్బు దాచుకోండి. మీ రేకు విస్తీర్ణం 18 చదరపు మీటర్లు. ఎండలో రేకు లోపలి వైపు 60 డిగ్రీలుంటే, కింద గది 35 ఉంచాలన్నా రేకు ఒక్కటే సుమారు 3 కిలోవాట్ల వేడి లోపలికి దించుతుంది. ఒక టన్ను ఏసీ తీయగలిగేదే మూడున్నర కిలోవాట్లు. అంటే ఏసీ మొత్తం మీ రేకుతోనే కుస్తీ పడుతుంది. దానికి తోడు ఒక గొట్టం ఉన్న పోర్టబుల్ ఏసీ లోపలి గాలిని బయటికి నెడుతుంది, అంత గాలీ షట్టరు సందుల్లోంచి వేడిగా మళ్ళీ లోపలికి వస్తుంది. కిటికీలు బిగుతుగా ఉన్న పడకగదికి పరవాలేదు. షట్టరు షెడ్డుకి తగదు. నా వ్యాపారం పోయినా ఇదే చెప్తాను.

ముందు రేకు సంగతి చూడండి. కొనేది తర్వాత.


కొండపల్లి_చెక్క
ఏప్రిల్ 13, రాత్రి 8:50

నేను చెక్క పని చేస్తాను. కూలరు వద్దనే నా ఓటు. పొణికి చెక్క ఎండబెట్టి చెక్కుతాం, గాలిలో తడి పెరిగితే ఉబ్బుతుంది, రంగు సరిగా పట్టదు. మీది ఇనుము కాబట్టి ఉబ్బదు గానీ తుప్పు పడుతుంది. క్రాంకు, బేరింగు, గేర్లు బయట పెట్టి కూలరు వేసి, రాత్రికి షట్టరు దించి వెళ్ళిపోతే ఆ తడి అంతా లోపలే ఉంటుంది. నా ఉలి ఒకటి ఒక్క వారంలో గోధుమరంగు పూత ఎక్కింది. నూనె గుడ్డతో తుడిచి కవర్లో పెట్టకుండా ఏ ముక్కా వదలకండి.

బాడీకి రంగు కొట్టేటప్పుడు కూడా జాగ్రత్త. తేమ గాలిలో ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు స్ప్రే చేస్తే ఆరేటప్పుడు పైన తెల్లటి పొగ కమ్మినట్టు మచ్చలు వస్తాయి. పెయింటర్లు బ్లషింగ్ అంటారు. ఆ రోజు కూలరు ముట్టుకోవద్దు.


ఫేజ్_న్యూట్రల్
ఏప్రిల్ 14, ఉదయం 6:20

ఏది కొన్నా సరే, ఇది చదివాక కొనండి.

మూడేళ్ళ క్రితం మా బావమరిది ఇంట్లో ఇనుప బాడీ కూలరు. లోకల్‌గా చేయించింది. పంపు వైరు టేపు ఊడి నీళ్ళలో తగిలింది. సాకెట్టులో మూడో రంధ్రం ఉంది గానీ దాని వెనక ఎర్తు వైరే లేదు. తడి నేల మీద వట్టి కాళ్ళతో నీళ్ళు పోస్తుంటే లాగేసింది. పక్కన మా అక్క ఉండి, తాకకుండా మెయిన్ దించింది కాబట్టి మనిషి మిగిలాడు. వేళ్ళ మీద కాలిన గుర్తు ఇప్పటికీ ఉంది.

షెడ్డు లైను ఇంటి నుంచి వేరుగా లాగండి. 30 మిల్లీ యాంప్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తనంతట తానే కట్ చేసే స్విచ్) పెట్టించండి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి పడుతోందో లేదో చూడండి. ఎర్తు ఉందో లేదో టెస్టరుతో చూస్తే తెలియదు. ఫేజుకీ ఎర్తుకీ మధ్య టెస్ట్ ల్యాంపు పెట్టి చూడటం తెలిసిన మనిషిని పిలవండి. నీళ్ళు పోసేటప్పుడు స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్ పీకాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సుని నేల మీద వదలొద్దు, గోడకి కొట్టండి.

ఇంకొకటి. కార్బొరేటరు పెట్రోలుతో కడిగే పని షెడ్డు లోపల చేయకండి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పరుచుకుని పాకుతుంది. ఫ్యాను స్విచ్చిలో వచ్చే చిన్న నిప్పురవ్వ చాలు. బయట చెట్టు కింద కడగండి.


తెనాలి_టు_మినియాపోలిస్
ఏప్రిల్ 14, ఉదయం 9:10

ఇక్కడ అమెరికాలో నాది సరిగ్గా తలకిందులు సమస్య. జనవరిలో మా గ్యారేజీలో మైనస్ 20 దాకా పోతుంది. మొదట్లో గాలిని వేడి చేసే 1500 వాట్ల హీటరు కొన్నాను. ఇన్సులేషన్ లేని గ్యారేజీలో అది గంట తిరిగినా తలుపు సందుల్లోంచి అంతా పోయింది. తర్వాత ఇన్‌ఫ్రారెడ్ హీటరు బల్ల మీద వేలాడదీశాను. గాలి చల్లగానే ఉంటుంది, నా చేతులకీ పనిముట్లకీ మాత్రం వెచ్చగా తగులుతుంది. అప్పుడప్పుడు పనికి అది చాలింది. గ్యాసు, కిరోసిన్ హీటర్లు చవకే గానీ తలుపు మూసి వాడితే కార్బన్ మోనాక్సైడ్ వాసన కూడా తెలియకుండా మనిషిని తీసుకుపోతుంది, అందుకే వాటి జోలికి పోలేదు.

ఆటోనగర్ బాబాయ్ చెప్పిన మాటే నాకూ ఇక్కడ అర్థమైంది. గదిని కాదు, మనిషిని చూసుకోవాలి. ఆ తర్వాత పైకప్పు.


చేతక్_పటమట
ఏప్రిల్ 14, రాత్రి 9:00

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. పోర్టబుల్ ఏసీ ఆలోచన మానేశాను. ఫేజ్_న్యూట్రల్ గారూ, మీరు రాసింది చదివి షెడ్డులో సాకెట్టు విప్పి చూశాను. ఎర్తు పిన్నుకి వైరు లేదు. ఇన్నేళ్ళూ అలాగే డ్రిల్లు మిషను వాడాను. రేపే మనిషి వస్తున్నాడు.

రేకు కోసం ఒక ప్రశ్న. తెలిసినాయన కింద థర్మాకోల్ షీట్లు అంటించమంటున్నాడు, రెండు వేలలో అయిపోతుందట. పైన సున్నం కొట్టించమని ఇంకొకాయన. ఏది మంచిది?


ఆటోనగర్_బాబాయ్
ఏప్రిల్ 14, రాత్రి 9:25

థర్మాకోల్ వద్దు, వద్దే వద్దు. సైలెన్సరు బ్రాకెట్‌కి ఓ టాకా వేయాలని ఎప్పుడో వెల్డింగు పెడతావు, గ్రైండరు పెడతావు. ఒక్క రవ్వ పైకి ఎగిరితే మంట పట్టి కరిగి బొట్లు బొట్లుగా నెత్తి మీద పడుతుంది. మా వరసలో ఒక షాపు అలాగే పోయింది. ఆ పొగకి లోపలికి పోలేక బయట నిలబడి చూశాం.


గ్యాస్‌చార్జింగ్
ఏప్రిల్ 14, రాత్రి 10:40

సున్నం సిమెంటు రేకులకి, స్లాబుకి బాగుంటుంది. జింకు రేకుకి తడి సున్నం పడదు. జింకు పూతని తింటుంది, ఎండకి పెచ్చులుగా లేచిపోతుంది కూడా. మీరు రేకుని సబ్బునీళ్ళతో కడిగి, తుప్పున్న చోట ప్రైమరు వేసి, ఎండని వెనక్కి కొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింటు రెండు చేతులు, అంటే రెండు పూతలు, వేయించండి. పక్క రాష్ట్రం తెలంగాణ 2023లో కూల్ రూఫ్ పాలసీ అనే తెచ్చింది, ఇది అంత తేలికగా తీసేసే విషయం కాదు.

సిమెంటు రేకులున్నవాళ్ళు ఇది చదువుతుంటే ఒక మాట. చాలావాటిలో ఆస్బెస్టాస్ ఉంటుంది. పొడిగా గీకొద్దు, ఇనుప బ్రష్షు పెట్టొద్దు, రంధ్రాలు వేయొద్దు. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మళ్ళీ బయటికి రాదు.

పైకెక్కేవాళ్ళు బోల్టుల వరస మీదే కాలు పెట్టాలి, దాని కింద దూలం ఉంటుంది. రెండు వరసల మధ్య రేకు మనిషి బరువు ఆపదు.


మిర్చియార్డు_గుంటూరు
ఏప్రిల్ 15, ఉదయం 6:50

కోల్డ్ స్టోరేజీలు బాగు చేయించేటప్పుడు పాత పఫ్ ప్యానెళ్ళు (మధ్యలో నురుగు నింపిన పలకలు) తీసి అమ్మేస్తారు. మా వైపు అవి దొరుకుతాయి, థర్మాకోల్ బదులు రేకు కింద వేసుకోవచ్చు. రెండు వైపులా రేకు ఉంటుంది కాబట్టి రవ్వ నేరుగా నురుగుకి తగలదు, అయినా అంచులు మూయించాలి. బరువు కూడా చూసుకోవాలి.


సిస్టర్_గుణదల
ఏప్రిల్ 15, మధ్యాహ్నం 3:15

వస్తువుల గురించి అందరూ చెప్పారు. నేను మనిషి గురించి చెప్తాను. ఆసుపత్రిలో పనిచేస్తాను కాబట్టి ప్రతి మే నెలా చూస్తాను.

ఫ్యాను మీద పూర్తిగా ఆధారపడకండి. గాలి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను ఒంటికి వేడినే తెచ్చి పోస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 40 దాటితే ఫ్యాను వాడొద్దనే చెప్తుంది. అప్పుడు పని ఆపేసి ఇంట్లోకి రావాలి. అంతకంటే తక్కువ వేడిలో తడి తువ్వాలు మెడ మీద వేసుకుని ఫ్యాను ముందు కూర్చోండి, బాగా పనిచేస్తుంది.

దాహం వేసేదాకా ఆగకండి. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ పక్కన పెట్టుకోండి, అరగంటకోసారి గ్లాసు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్టు కలిపితే దాని మీద రాసినన్ని నీళ్ళకి ఒకటే, రుచి కోసం చిక్కగా కలపొద్దు. తలనొప్పి, వికారం, కాళ్ళు పట్టేయడం మొదలైతే పని ఆపాలి. మనిషి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, తూలుతున్నా, ఒళ్ళు కాలిపోతున్నా అది వడదెబ్బ. 108కి ఫోన్ చేసి, వాళ్ళు వచ్చేలోపు నీడలోకి తెచ్చి, బట్టలు వదులు చేసి, ఒంటి మీద నీళ్ళు పోస్తూ విసరండి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకండి.

2015 మే నెలలో మన రాష్ట్రంలోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు. వాళ్ళలో ఎక్కువమంది ముసలివాళ్ళు, ఎండలో కూలి పని చేసేవాళ్ళు. షెడ్డులో ఒంటరిగా ఉంటే గంటకోసారి ఇంట్లోవాళ్ళు వచ్చి పలకరించేలా చెప్పి పెట్టుకోండి బాబూ. నేను అడిగేది ఇదొక్కటే.


చేతక్_పటమట
మే 3, మధ్యాహ్నం 12:10

పని జరిగింది, చెప్పి వెళ్దామని వచ్చాను.

ఎర్తు, ఆర్‌సీసీబీ అయ్యాయి. రేకు కడగడానికి ఒక ఉదయం, పెయింటు రెండు చేతులకి రెండు సాయంత్రాలు పట్టింది. నేనే ఎక్కాను, బోల్టుల వరస మీద పలక వేసుకుని దాని మీద కూర్చుని పూశాను. పక్కవాళ్ళ దగ్గర లేజరు థర్మామీటరు అడిగి తెచ్చాను. పెయింటుకి ముందు మధ్యాహ్నం రెండింటికి రేకు లోపలి వైపు 61 చూపించింది. నిన్న అదే టైముకి, దాదాపు అంతే ఎండలో, 45. నెత్తి మీద నిప్పులు పోస్తున్నట్టు ఉండేది, అది లేదు. గాలి ఇంకా వేడిగానే ఉంది, అది వేరే సంగతి.

కొన్నది 24 అంగుళాల పెడస్టల్ ఫ్యాను. బాబాయ్ చెప్పినట్టు బల్లకి పక్కన, నడుము ఎత్తులో. మొదటి రోజు గాస్కెట్టు కాగితాలు ఎగిరిపోయాయి. చిన్న స్క్రూలు, సర్‌క్లిప్పులు ఇప్పుడు పాత స్వీటు డబ్బాలో, అడుగున అయస్కాంతం పెట్టి దాచుకుంటున్నాను.

ఇవాళ ఆరున్నర నుంచి పదిన్నర దాకా చేశాను. నాలుగు గంటలు. క్రాంకు విప్పడం పూర్తయింది.


మిర్చియార్డు_గుంటూరు
మే 3, సాయంత్రం 5:30

కూలరు అసలు కొననే కొనరా? రోహిణి కార్తె ఇంకా రాలేదండీ. రోళ్ళు పగిలే ఎండలు ముందున్నాయి.


గ్యాస్‌చార్జింగ్
మే 3, సాయంత్రం 6:45

కొంటే మాత్రం గదిలో పెట్టి తలుపులు మూయకండి. ఇది అందరూ చేసే పొరపాటు. కూలరు వెనక భాగం కిటికీకి ఆనించి, బయటి పొడి గాలి తీసుకునేలా పెట్టాలి. ఎదురుగా షట్టరు రెండడుగులు లేపి ఉంచాలి, లోపలికి వచ్చిన గాలి అటు పోవాలి. లేకపోతే అరగంటలో లోపల గాలే తిరిగి తిరిగి తడిసిపోతుంది, కూలరు తిరుగుతున్నా ఉక్క పోస్తుంది. మీ కిటికీ పడమర, షట్టరు తూర్పు. పడమటి గాలి రోజుల్లో అంతకంటే మంచి అమరిక ఉండదు.

బోరు నీళ్ళయితే ప్యాడ్ల మీద తెల్లగా ఉప్పు కడుతుంది, వారానికోసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి రుద్ది కడగాలి. వాడని రోజుల్లో నీళ్ళు నిలవ ఉంచితే డెంగీ దోమ అందులోనే గుడ్లు పెడుతుంది.


చేతక్_పటమట
మే 24, రాత్రి 8:20

మిర్చియార్డు గారూ, మీ మాట పోలేదు. మా తోడల్లుడి ఇంట్లో వాడకుండా ఉన్న ప్లాస్టిక్ బాడీ కూలరు తెచ్చుకున్నాను. కొత్త ప్యాడ్లు వేయించాను. గ్యాస్‌చార్జింగ్ గారు చెప్పినట్టు కిటికీకి ఆనించి, షట్టరు సగం లేపి పెట్టాను. మొన్న గురువారం సెలవు పెట్టి మధ్యాహ్నం మూడింటికి వేస్తే బల్ల దగ్గర ఏడెనిమిది డిగ్రీలు తగ్గింది. అదే రోజు ఆరున్నరకి గాలి తిరిగింది, చొక్కా ఒంటికి అంటుకోవడం మొదలైంది. వెంటనే కూలరు ఆపి ఫ్యాను వేశాను. ఇప్పుడు అలాగే చేస్తున్నాను. పొడి గాలికి కూలరు, ఉక్కపోతకి ఫ్యాను.

పని అయ్యాక అరగంట కూలరులో పంపు ఆపి వట్టి గాలి తిప్పుతున్నాను, షెడ్డు ఆరుతుంది. విప్పిన ముక్కలన్నీ నూనె గుడ్డలో చుట్టి డబ్బాలో. ఇప్పటిదాకా తుప్పు చుక్క లేదు, కొండపల్లి అన్నా.

మా అమ్మ గంటకోసారి మజ్జిగ చెంబుతో వస్తోంది. సిస్టర్ గారు చెప్పినది ఆవిడకి చదివి వినిపించాను. బల్ల మీద ఇంజను కేసింగు చూసి, "మీ నాన్న దీన్ని ఆదివారం ఆదివారం తుడిచేవారు" అని కాసేపు అక్కడే నిలబడింది.


మిర్చియార్డు_గుంటూరు
మే 25, ఉదయం 6:40

సంతోషం. నా ప్యాకింగ్ షెడ్డు రేకుకి కూడా తెల్ల పెయింటు వేయిద్దామనుకుంటున్నాను. మీకు ఎన్ని లీటర్లు పట్టింది?


చేతక్_పటమట
మే 25, ఉదయం 7:15

రెండు చేతులకి దాదాపు ఎనిమిది లీటర్లు. రేకు మడతల వల్ల పైన చదునుగా కొలిచిన దానికంటే ఎక్కువే పడుతుంది, పది లీటర్ల డబ్బా తీసుకోండి. పెయింటు ఉదయం వేయొద్దు, రేకు కాలి రోలరు మీదే ఆరిపోతోంది. సాయంత్రం నాలుగున్నర తర్వాత మొదలుపెట్టండి.